మూల రచయిత పేరు

సంతకం ఇంకా పడలేదు. మెర్సీ టీచర్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలోకి తోసి, సంచిని ఒళ్ళో పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ బరువుగా వేసి కూర్చుంది. పదకొండింటికి రమ్మన్నారు. పదకొండూ ఇరవై అయింది. లోపల అధ్యక్షులుగారు ఇంకా ఫోన్లోనే ఉన్నారు. శ్రీకాకుళంలో ఒక కల్యాణమండపం మేడమీద గది అది, తలుపు నెత్తిన ‘తూర్పుకనుమల బాలసాహితీ సమితి’ అని నీలం బోర్డు, బయట వరండాలో ఎదురెదురుగా రెండు బల్లలు. కింద పెరట్లో నిన్నటి పెళ్ళి డేగిసాలు తోముతున్నారు, ఇసుకతో ఇనుము రాస్తున్న చప్పుడు తిన్నగా పళ్ళలోకి దిగుతోంది. పక్కన శాంతి, తొమ్మిదో తరగతి, యూనిఫాం వేసుకుని రెండు జడలూ ముందుకు లాక్కుని కూర్చుంది. ఎదురు బల్లమీద శైలజ అనే ఇంకో పిల్ల, శృంగవరపుకోట దగ్గర ఏదో పల్లెటూరట, పక్కన వాళ్ళ నాన్న సోములు. పాపం మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నారు, ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నచోటే మళ్ళీ తుడుచుకుంటున్నాడు. పిల్లలిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదని అటెండరు వేలు చూపించి మరీ చెప్పి పోయాడు. దొంగల్ని విడివిడిగా కూర్చోబెట్టడం స్టేషన్లో చూశాడు కాబోలు.

నేరం ఏమిటంటే ఇద్దరూ ఒకే కథ రాయడం. అదీ అక్షరం పొల్లు పోకుండా రాయడం. అంత మాటా అనలేదులే, కథలో పాట ఒకటుంది, ఆ పాట మటుకు అక్షరం పొల్లు పోలేదు, కాబట్టి ఒకరి కాగితం ఒకరు చూశారని సమితివారు తేల్చారు. పొందూరు పక్కన పల్లెలో ఉండే పిల్ల, కోట కొండల కింద ఉండే పిల్ల, పుట్టి ఇన్నేళ్ళలో ఇవాళ ఈ వరండాలో తప్ప ఒకరి మొహం ఒకరు చూసి ఎరగని పిల్లలు, నూరు కిలోమీటర్ల దూరం నుంచి మెడలు సాచి కాపీ కొట్టుకున్నారట. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నవాడు నయం, వాడికి చెట్టున్నా ఉంది. మరి పోటీ ప్రకటనలో ఏమని వేశారు వీళ్ళు? మీ ఊళ్ళో మామ్మలు, అమ్మమ్మలు చెప్పే కథలు మీ సొంత మాటల్లో రాసి పంపండి, మన మట్టివాసన బతికించండి. మట్టివాసనట. ఆ మట్టిలో పుట్టిన ఇద్దరు ముసలమ్మలు ఒకే కథ చెబుతారని మటుకు వీళ్ళ బుర్రకి తట్టలేదు. మామ్మ చెప్పింది రాయమన్నది వీళ్ళే, రాస్తే నీ సొంతం కాదన్నదీ వీళ్ళే. మెర్సీకి నవ్వు రాలేదు. మూడు రోజులుగా ఆవిడకి ఒళ్ళు మండుతోంది, అన్నం కలుపుతుంటే కూడా మండుతోంది.

కాగితంలో రాతలన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. నేను పోటీకి పంపిన కథ నా సొంతం కాదనీ, వేరొకరి రచన నుండి కాపీ చేశాననీ అంగీకరిస్తూ క్షమాపణ కోరుతున్నాను. దానికింద ‘మూల రచయిత పేరు’ అని చుక్కలు చుక్కలుగా ఒక గీత. దానికింద విద్యార్థిని సంతకం, ఉపాధ్యాయురాలి సంతకం. సంతకం పెట్టిన కాగితాన్ని బడి ప్రార్థనలో చదివించాలట, తక్కిన పిల్లలకి బుద్ధి రావడానికి. పెట్టకపోతే ఆ బడి నుంచి వచ్చిన కథలేవీ పుస్తకంలో ఉండవు. బాలల దినోత్సవానికి పుస్తకం రావాలి, రేపు ప్రెస్సుకి పోతుంది. మెర్సీ బడి నుంచి శాంతిది కాక ఇంకా ఆరు కథలు ఎంపికయ్యాయి. అప్పలసూరి అని నత్తి పిల్లాడొకడు, నోరు విప్పి మాట్లాడడానికి చచ్చేంత భయం వాడికి, వాడు వాళ్ళ తాత చెప్పిన గెడ్డ కథ, ఊరి పక్క కొండవాగు కథ, పదమూడు పేజీలు రాశాడు. అచ్చులో వాడి పేరు చూసుకోవాలని వాడు రోజూ అడుగుతున్నాడు. హెడ్మాస్టరు పొద్దున్నే ఫోన్ చేశాడు, సంతకం పెట్టించి వచ్చేయండి మేడమ్, ఒక్కర్తె కోసం ఆరుగురి నోళ్ళు కొడతామా, పోనీ ఒక కాగితమే కదా అన్నాడు. కాగితమే. ఎవరి పరువు పోయినా ఆయనకి కాగితమే.

శాంతి కథ నోటుపుస్తకంలో రాసి తెచ్చిన రోజు మెర్సీకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. స్టాఫ్ రూములో టీ తాగుతూ పేజీ తిప్పింది, గ్లాసు అలాగే ఉండిపోయింది. ఒక అత్త కోడలికి కొండంత పత్తి ఇచ్చి, పొద్దుగూకేలోగా ఒక్క గింజా ఒక్క నలుసూ లేకుండా శుభ్రం చెయ్యమంటుంది. కోడలు నాగావళి ఒడ్డున కూర్చుని ఏడుస్తుంది. నీళ్ళలోంచి వాలుగ చేప పైకొస్తుంది. పొందూరులో ఇప్పటికీ పత్తి ఏకేది వాలుగ చేప దవడతోనే, దాని పళ్ళు ఉన్నంత సన్నగా ఏ దువ్వెన పళ్ళూ ఉండవు. ఆ దవడ మనుషుల చేతికి ఎలా వచ్చిందో చెప్పే కథ అది. కోడలు అడుగుతుంది, వాలుగమ్మా వాలుగమ్మా పళ్ళియ్యవే. చేప అంటుంది, పళ్ళిస్తే పిల్లదానా నాకేటిస్తావే. ఇస్తానమ్మా ఇస్తాను నా గొంతిస్తాను. మెర్సీ ఆ మూడు పాదాలూ కళ్ళతో చదవలేదు. చెవుల్లో ఎవరో పాడారు. ముప్పై ఆరేళ్ళయింది ఆ పాట విని. చేప దవడ ఇచ్చేసింది, పిల్ల గొంతు ఇచ్చేసింది, పత్తి వెన్నలా తయారైంది, నూలు గాలిలో తేలిపోయేంత సన్నగా వచ్చింది, ఆ నూలు అత్త తనదని చెప్పుకుంది. కబురు రాజుగారి దాకా పోయింది. ఆయన వాకిట్లోకొచ్చి నిలబడి, ఈ నూలు వడికిందెవరు అని అడిగాడు. కోడలికి గొంతు లేదు. అక్కడి నుంచి మెర్సీకి తెలియదు. ఆగకుండా పేజీ తిప్పి చివరిదాకా చదివింది.

ఆ పేజీ తిప్పిన చేత్తోనే ఎర్ర పెన్ను తీసింది, చేసిన పాపం చెప్పుకోవాలి. ‘సెప్పింది’ అన్నచోటల్లా ‘చెప్పింది’ చేసింది. ‘ఏటి’ అన్నచోటల్లా ‘ఏమి’. ‘నేదు’ ని ‘లేదు’ చేసింది. పోటీకి పోయేది కదా, నవ్వుతారు కదా, మన పిల్లే కదా అనుకుంది. శాంతి వాళ్ళ మామ్మ దానమ్మ చెప్పిన ముగింపులో, ఏట్లోంచి వాలుగ కోడలి గొంతుతో కేకేస్తుంది. ‘వడికింది అది, మెక్కింది ఇది’ అని. మెక్కింది అన్న మాట మరీ మోటుగా ఉందని మెర్సీ టీచర్ ఆ వాక్యం అడ్డంగా కొట్టేసి, ‘చివరకు నిజం నిలకడ మీద తెలిసింది’ అని పైన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. నిజం నిలకడ మీద తెలుస్తుందట, ఎవరికి తెలిసిందో. పాట ఒక్కటే ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఆ ఒక్కటీ కూడా దిద్దేసి ఉంటే ఇవాళ ఎవరూ ఎవర్నీ పట్టుకునేవాళ్ళు కాదు. అటువైపు ఎవరో ఇంకో టీచరు కూడా శైలజ కథంతా దిద్ది, పాట దగ్గరికొచ్చి పెన్ను మూసేసి ఉండాలి. ఆవిడెవరో మెర్సీకి తెలియదు, ఆవిడ మీద కూడా కోపంగానే ఉంది, ఎందుకు రాలేదు ఆవిడ, ఆ తండ్రిని ఒక్కణ్ణీ తోసేసి.

డేగిసా ఏదో దొర్లింది కింద. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు కాదు కావాల్సింది, దవడ పత్తిలోంచి పోయే చప్పుడు కావాలి, సర్రు సర్రున, చెవి దగ్గర ఎవరో చీర మడతపెడుతున్నట్టు. చిన్నప్పుడు మెర్సీ వాళ్ళ మామ్మ అన్నమ్మ కాళ్ళు చాపుకుని కూర్చునేది, కుడిచేతిలో దవడ, ఎడమచేతిలో చారెడు కొండపత్తి, ఏకిన ఏకుల్ని ఎండిన అరటిదొప్పలో పేర్చేది. పొద్దున పూట ఆవిడ చర్చివారి బైబిలు స్త్రీ, తెల్లచీర కట్టుకుని సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పొందూరు వాళ్ళకి పత్తి ఏకేది. వాక్యం చెప్పేటప్పుడు గొంతు ఒకటి, పత్తి ఏకేటప్పుడు గొంతు ఇంకొకటి. పత్తి దగ్గర కూర్చుంటే కత చెప్పేది, కానీ లెక్క ఉంది. చేతిలో పత్తి ఉన్నంతసేపే కత. పత్తి అయిపోతే కత ఎక్కడికొస్తే అక్కడ ఆగిపోవాలి, మిగతాది రేపు. మధ్యలో ఊ కొట్టడం మానినా ఆగిపోతుంది. ఊ కొట్టకపోతే నాను ఎవల్తో మాటాడతన్నానే, గోడతోనా, అనేది. మెర్సీ నిద్రొస్తున్నా ఊ కొట్టేది, జ్వరంలో కూడా కొట్టేది. పదేళ్ళ పిల్లకి ఊ కొట్టడం ఎంత పెద్ద ఉద్యోగమో ఈ సమితివాళ్ళకి ఏం తెలుసు.

ఆదివారపు బడిలో చెప్పేసింది మెర్సీ. అంత మంచి కత కడుపులో దాచుకోలేక చెప్పేసింది. చర్చి పాస్టరు విక్టర్ అయ్యగారు రావడం ఆలస్యమైంది, వేపచెట్టు కింద పిల్లలంతా గోల చేస్తున్నారు, వాళ్ళని కూర్చోబెట్టి వాలుగమ్మ పాట పాడి, రాజు వాకిట్లోకి వచ్చేదాకా చెప్పింది. మిగతాది పై ఆదివారం చెబుతానంది. అయ్యగారు వెనకాల నుంచొని ఉన్నాడు. ఆ అమ్మ ఎవరు అన్నాడు. చేపండీ అంది. చేపకి అమ్మేమిటి, ఏ అమ్మకి మొక్కుతున్నారు మీ ఇంట్లో, ఎవరు చెప్పారు నీకిది అన్నాడు. పదేళ్ళ మెర్సీకి ఆ క్షణంలో లెక్కలన్నీ తెలిసిపోయాయి. మామ్మ పేరు చెబితే మామ్మకి ఉద్యోగం పోతుంది, ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా దూరం పెడతారు, ఆడవాళ్ళ వైపు ముందు వరసలోంచి లేపేసి గుమ్మం దగ్గర కూర్చోబెడతారు. నేనే కల్పించానండీ అంది. పైవారం ఆరాధనలో నుంచోబెట్టారు. నేను లేనిది కల్పించి పిల్లలకి చెప్పాను, నన్ను క్షమించండి అని చెప్పించారు. చెప్పింది. కళ్ళెత్తలేదు, కానీ ముందు వరసలో తెల్లకొంగు నెత్తిమీదికి లాక్కోవడం కనపడింది.

మర్నాడు మధ్యాహ్నం పత్తి దగ్గర కూర్చుని, తరవాతేటయింది మామ్మా అని అడిగింది. అన్నమ్మ చాలాసేపు ఏకింది. ‘నీ కతే కదేటే, నువ్వే సెప్పుకో’ అంది. కోపంగా అనలేదు, దిగులుగా అందో, పరాచికానికి అందో, అదే ఇన్నేళ్ళుగా తేలలేదు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఏ కతా చెప్పలేదు. మెర్సీ టీచర్ ట్రైనింగులో ఉండగా పోయింది ముసలిది, దవడని కూడా ఎవరికో ఇచ్చేసి పోయింది. చిత్రం చూడు, ఆనాడు మామ్మ చెప్పిందాన్ని నా సొంతం అని అబద్ధమాడితే గానీ వదల్లేదు, ఈనాడు మామ్మ చెప్పిందాన్ని దొంగిలించాను అని అబద్ధమాడితే గానీ వదలరట. ఎటు తిప్పినా మామ్మ మటుకు ఉండకూడదు. ఆవిడ పేరు ఎక్కడా పడకూడదు. ఎదుటివాడి మెడలో సిలువ ఉన్నా, జంధ్యం ఉన్నా, సమితి బ్యాడ్జీ ఉన్నా ముసలమ్మల విషయంలో అందరిదీ ఒకటే మాట.

‘టీచరూ,’ అంది శాంతి మెల్లగా. ‘ఆ పిల్ల నాకేసే సూస్తన్నాది.’

చూస్తోంది, నిజమే. శైలజ రెప్ప వెయ్యకుండా చూస్తోంది, కోపంగా, తన ఇంట్లో సామాను వీళ్ళింట్లో కనపడ్డట్టు. అటెండరు మెట్ల దగ్గర లేడు. శాంతి గొంతు తగ్గించి, ‘మీ దాన్లో ఏరు ఉన్నాదా?’ అని అడిగేసింది.

‘ఏరేటి, గెడ్డ. కొండ మీంచి వస్తాది.’

‘నాగావళి. మా మామ్మ నాగావళి అనే సెప్పింది.’

‘మా మామ్మ గెడ్డంది. ఆవిడికి తెల్దేటి? మరి ఆకర్న ఏటయింది మీ దాన్లో?’

‘సేప కేకేస్తాది.’

‘కాదు,’ అంది శైలజ గట్టిగా. ‘ఆ పిల్ల మళ్ళీ గెడ్డ కాడికెళ్ళి, నీ పళ్ళు నువ్వు తీసేసుకో, నా గొంతు నాకియ్యి అంటాది. గొంతు పట్టుకొచ్చి, అత్తని మూడు పగళ్ళు మూడు రాత్రులు తిడతాది. మా మామ్మ ఆ తిట్లన్నీ సెప్పేది. టీచరు కొట్టేసింది.’

సోములు కూతురి మోకాలి మీద చెయ్యి వేశాడు. ‘ఊరుకోయే గుంటా, ఇంటారు.’ తరవాత మెర్సీ వైపు తిరిగి, తప్పు తనదే అయినట్టు, ‘సంతకం ఎట్టీసి ఎల్లిపోదుం మేడమ్. పెద్దోళ్ళతోటి మనకేటి. నాకు సదువు రాదు, ఏలుముద్దరైనా పరవానేదా?’ అన్నాడు.

మెర్సీ సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. ఈయనకి చదువు రాదు. వచ్చిన తను మూడు రోజుల నుంచి ఏం చేసింది? ఫోన్లో సమితివాళ్ళతో గంటసేపు వాదించింది, జానపద కథల లక్షణాల గురించి, పాఠాంతరాల గురించి, ట్రైనింగులో చదివిందంతా ఏకరువు పెట్టింది. ఒక్క మాట మటుకు అనలేదు. ఈ కథ నాకూ తెలుసు, పదేళ్ళప్పుడు మా మామ్మ నాకు చెప్పింది అన్న మాట. అంతకంటే పెద్ద సాక్ష్యం ఎక్కడుంది? గొంతు దాకా వచ్చింది, ప్రతిసారీ వచ్చింది, వచ్చి అక్కడే తెల్లకొంగు కనపడింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళ సర్వీసు, తెలుగు టీచరు, క్రైస్తవురాలివి నీకు తెలుగేమిటమ్మా అని నవ్విన ప్రతివాడికీ ఛందస్సు అప్పజెప్పి నోరు మూయించిన మనిషి, అయ్యగారు పోయి పదిహేనేళ్ళయినా ఇంకా ఆ వేపచెట్టు కిందే నుంచుని ఉంది. సమితి మీద మండిన మంట అంతా తిరిగొచ్చి తన మీద పడింది. ఏకు మేకైందంటారే, అలాగ ఆ పదేళ్ళ వయసు నాటి మెత్తని అబద్ధం గొంతులో మేకై దిగబడి ఉంది. దాని మీద ఇప్పుడు ఇంకో మేకు కొట్టడానికి శాంతి చేతికి పెన్ను ఇవ్వాలి. శాంతికి పదేళ్ళు కాదు పద్నాలుగు, కానీ అప్పలసూరి కథ పోతుందంటే పెట్టేస్తుంది, తనకి తెలుసు, అలాంటి పిల్లే. ఆ తరవాత ఇంటికెళ్ళి దానమ్మ మొహం చూస్తుంది. దానమ్మ ఏమంటుందో మెర్సీకి ముందే తెలుసు.

తలుపు తెరుచుకుంది. నలుగురినీ రమ్మన్నారు.

అధ్యక్షుడు జగన్నాధంగారు రిటైరైన హెడ్మాస్టరు, నరసన్నపేట మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. బల్లమీద పుస్తకం ప్రూఫులు దొంతరగా ఉన్నాయి. తెల్లగా, పల్చగా పొందూరు ఖద్దరు లాల్చీ తొడుక్కున్నాడు. దాన్ని చూడగానే మెర్సీకి మళ్ళీ మండింది. ఆ నూలు ఏ దానమ్మ వడికిందో, పత్తి ఏ అన్నమ్మ ఏకిందో, తొడుక్కుని కూర్చుని వాళ్ళ మనవరాళ్ళని విచారిస్తున్నాడు. కూర్చోమన్నాడు, మర్యాదగానే. ‘చూడండమ్మా, పిల్లల మీద మాకు ద్వేషం లేదు. కానీ సృజన అన్నాక స్వంతం కావాలి. ఇతివృత్తం కలవవచ్చు, పాట కూడా కలుస్తుందా? మీరే వినండి’ అని, ఎడమచేత్తో శాంతి కాగితం, కుడిచేత్తో శైలజ కాగితం పట్టుకున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

‘వాలుగమ్మా వాలుగమ్మా పళ్ళియ్యవే,’ అని చదివాడు, విసుగ్గా, పొడిగా. ‘పళ్ళిస్తే పిల్లదానా నాకేటిస్తావే.’ ఇక్కడ మెర్సీ తలెత్తింది. ‘నాకేటిస్తావే’ దగ్గర ఆయన గొంతు కొంచెం సాగింది, కాగితంలో లేని సాగు, దవడ పత్తిలోంచి పైకి లేచేటప్పటి సాగు. ‘ఇస్తానమ్మా ఇస్తాను నా గొంతిస్తాను.’ కళ్ళు కాగితం మీద లేవు. కిటికీ బయట ఎక్కడో ఉన్నాయి. ఆగలేదు. ‘గొంతు పోతే పోయింది గానీ నూలు నాదే.’

కింద డేగిసాల చప్పుడు ఎప్పుడు ఆగిందో.

‘ఆ ఆకరిది మా దాన్లో నేదండి,’ అంది శైలజ.

‘మా దాన్లోనూ నేదు,’ అంది శాంతి.

జగన్నాధంగారు ఎడమచేతి కాగితం చూశాడు, కుడిచేతి కాగితం చూశాడు, మళ్ళీ ఎడమచేతిది చూశాడు. మెర్సీ లేచి నుంచుంది. కోపం ఇంత నిబ్బరంగా ఉంటుందని ఆవిడకి ఇదివరకు తెలియదు.

‘నాలుగో పాదం ఎవరి దగ్గర కాపీ కొట్టారు సార్?’

ఆయన కళ్ళజోడు తీశాడు. ‘మా అమ్మ,’ అన్నాడు. ‘పత్తి ఏకేది. చిన్నప్పటి మాట. నాకు గుర్తున్నట్టే గుర్తు లేదమ్మా.’

‘పేరు?’

‘అసిరమ్మ.’

మెర్సీ సంచిలోంచి కాగితం తీసింది. ప్రూఫుల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేసింది. మూల రచయిత పేరు అన్నచోట దానమ్మ అని రాసింది. శైలజని మీ మామ్మ పేరేమిటని అడిగి, నూకాలు అని రాసింది. అసిరమ్మ అని రాసింది. చుక్కల గీత అయిపోయింది. పెన్ను గాలిలో ఆగింది, ఒక్క ఊపిరి సేపు ఆగింది, తరవాత గీత దాటి, అంచు దాటి, ఉపాధ్యాయురాలి సంతకం అని ఉన్నచోట మీదుగా, అన్నమ్మ అని పెద్దక్షరాలతో రాసింది. ‘మా మామ్మ,’ అంది. ‘నాకు చెప్పింది. నేను కల్పించలేదు.’ ఆ మాట ఎవరితో అంటోందో జగన్నాధంగారికి అర్థం కాలేదు, అర్థం కావలసిన పనీ లేదు.

‘ఇప్పుడు సంతకాలు పెట్టమంటే పెడతాం. మొదట మీరు పెట్టాలి, మీరూ కాపీ కొట్టారు కాబట్టి. లేదంటే రెండు కథలూ పుస్తకంలో పడాలి, పిల్లల పేర్లతో, కింద ఈ పేర్లతో. మా బడి ఆరు కథలూ తీసేస్తే తీసెయ్యండి. ఈ కాగితం నకళ్ళు తీయించి బాలల దినోత్సవం నాడు మీ గుమ్మంలోనే పంచుతాను. వేలిముద్ర వేయించుకోవడానికి ఆ తండ్రిని కోట నుంచి రప్పించారే, ఆయనకీ ఒకటి చదివి వినిపిస్తాను.’

జగన్నాధంగారు అసిరమ్మ అన్న పేరు మీద వేలు పెట్టి ఉంచాడు. అంత పెద్దమనిషి భాష ఎక్కడికి పోయిందో. ‘రెండూ ఏస్తాం,’ అన్నాడు. ‘అందరివీ ఏస్తాం. మా యమ్మ ఆ పాదం కాడే ఆగిపోయేదమ్మా. పత్తి అయిపోయేది. ఆకర్న ఏటయిందో నాకు తెల్దు.’

ఆయన మీద జాలి పడాలనిపించింది మెర్సీకి, పడలేదు. తెలియకపోతే ఎవరినైనా అడగవలసింది, డెబ్బై ఏళ్ళున్నాయి కదా అడగడానికి. అంతలోనే తనూ అడగలేదు కదా అని గుర్తొచ్చి, ఆ కోపం ఇద్దరికీ సమంగా పంచింది. కూర్చుంది. శాంతి వైపు తిరిగింది. బళ్ళో ఇరవై రెండేళ్ళుగా నాలుక మీదికి రానివ్వని మాటలు, ఏ పిల్ల నోట విన్నా ఎర్ర పెన్నుతో కొట్టేసిన మాటలు, వాటంతటవే వచ్చాయి.

‘నాను రాసింది కాదే. మీ మామ్మ సెప్పింది సెప్పు. తరవాతేటయింది?’

శాంతి టీచర్ని వింతగా చూసింది. తరవాత జడలు వెనక్కి తోసుకుని, సర్దుకుని కూర్చుంది.

‘రాజుగారు వాకిట్లో నిలబడి, ఈ నూలు వడికిందెవలు అని అడిగారండి.’

‘ఊ,’ అంది మెర్సీ.